ట్రాఫిక్ కెమెరా వీడియోలో వాహనాలను గుర్తించి రకాల వారీగా లెక్కించడం: మన రోడ్ల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

బొమ్మల్లో వస్తువులను గుర్తించే ఏఐ మోడళ్లలో చాలా భాగం కోకో అనే చిత్రాల సమాహారంతో శిక్షణ పొంది మన చేతికి వస్తాయి. అందులో 80 రకాల వస్తువులున్నాయి. జిరాఫీ ఉంది, టోస్టర్ ఉంది, మంచు మీద జారే స్నోబోర్డు ఉంది. ఆటో లేదు, ట్రాక్టర్ లేదు. అలాంటి మోడల్‌కు విజయవాడలోనో వరంగల్‌లోనో ఒక కూడలి వీడియో చూపిస్తే ఆటోను ఒక ఫ్రేములో కారు అంటుంది, మరో ఫ్రేములో ట్రక్కు అంటుంది, ఇంకో ఫ్రేములో అక్కడ ఏమీ లేనట్టే దాటిపోతుంది.

దీన్ని చిన్న లోపంగా తీసుకోకూడదు. సిగ్నల్ ఎంతసేపు పచ్చగా ఉండాలి, రోడ్డు ఎంత వెడల్పు చేయాలి, బస్సు ఎక్కడ ఆగాలి అనే నిర్ణయాలకు ఈ లెక్కలే ఆధారం. యంత్రం ముందుగా వదిలేసేవి సైకిళ్లు, బైకులు, షేర్ ఆటోలు, తోపుడు బళ్లు. కార్లను మాత్రం చక్కగా పట్టుకుంటుంది. మొత్తం మీద తొంభై శాతం సరిగ్గా ఉందని చెప్పే లెక్కలో ఆ మిగిలిన పది శాతం ఎవరి బళ్లో చూడకపోతే అన్యాయం జరుగుతుంది. అందుకే మోడల్ ఎంపిక గురించి తక్కువగా, వర్గాల జాబితా, లేబులింగ్ (బొమ్మలో ప్రతి వాహనం చుట్టూ బాక్స్ గీసి దాని రకం రాయడం), చేతి లెక్కతో సరిచూడటం గురించి ఎక్కువగా చెబుతాను. పైథాన్ కొంత తెలిసి, గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ గానీ అద్దె సర్వర్ గానీ అందుబాటులో ఉంటే ఈ పని చేయవచ్చు.

1. లెక్క దేనికో ముందు రాసుకోండి

వర్గాల జాబితా మోడల్ నుంచి కాదు, అవసరం నుంచి పుట్టాలి. నగర కూడలిలో సిగ్నల్ సమయాల కోసమైతే ప్రతి వాహనాన్నీ కారుతో పోల్చి ఎంత చోటు తీసుకుంటుందో చెప్పే పీసీయూ (ప్యాసింజర్ కార్ యూనిట్) విలువలు కావాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన 106వ ప్రమాణం ప్రకారం నగర రోడ్ల మీద ఒక వర్గం వాటా పది శాతం, అంతకు మించి ఉంటే బైకుకు 0.75, కారుకు 1, ఆటోకు 2, తేలికపాటి సరుకు వాహనానికి 2, బస్సుకు గానీ లారీకి గానీ 3.7 చొప్పున లెక్కిస్తారు. గంటకు 2,000 వాహనాలు పోయే రోడ్డు మీద 300 ఆటోలుంటే అవి 600 పీసీయూలు. మోడల్ వాటిని కార్లుగా రాస్తే 300 అవుతాయి. వాహనాల సంఖ్య ఒక్కటి కూడా తప్పలేదు, రోడ్డు మీద ఆటోల భారం మాత్రం సగానికి సగం మాయమైంది.

రోడ్డు మందం నిర్ణయించడానికైతే అవసరం వేరు. తారు రోడ్ల రూపకల్పనకు వాడే అదే సంస్థ 37వ ప్రమాణం 3 టన్నులు, ఆపైన బరువుండే వాణిజ్య వాహనాలనే లెక్కలోకి తీసుకుంటుంది. అక్కడ బైకుల సంఖ్యతో పని లేదు. లారీకి ఇరుసులెన్ని అన్నది ముఖ్యం, అది ఎదురుగా చూసే కెమెరాకు కనిపించదు, పక్క నుంచి చూసే కెమెరా పెట్టాలి. టోల్ ప్లాజా లెక్కలు ఎలాగూ ఉన్నాయి కదా అనుకునేవారు ఒకటి గమనించాలి: జాతీయ రహదారుల మీద ద్విచక్ర వాహనాలు టోల్ కట్టవు. అందువల్ల ఆ లెక్కల మీద ఆధారపడితే మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే వాహనమే కనిపించకుండా పోతుంది.

తెలుగు రాష్ట్రాల పట్టణ రోడ్డుకు నేను సూచించే వర్గాలు ఇవి: సైకిల్, ద్విచక్ర వాహనం, ప్రయాణికుల ఆటో, ట్రాలీ ఆటో, కారు (జీపు, ఎస్‌యూవీ ఇందులోనే), చిన్న సరుకు వాహనం (టాటా ఏస్, బొలెరో పికప్ లాంటివి), మినీ బస్సు, బస్సు, డీసీఎం, లారీ (టిప్పర్, ట్యాంకర్ సహా), ట్రాక్టర్, ట్రాక్టర్‌తో ట్రాలీ, ఇతరాలు. మొత్తం పదమూడు. అంతకన్నా విడదీయాలనిపిస్తుంది, పల్లెవెలుగు వేరు, ప్రైవేటు బస్సు వేరు అని రాయాలనిపిస్తుంది. కానీ వర్గం పెరిగిన కొద్దీ ఒక్కోదానికి దొరికే ఉదాహరణలు తగ్గుతాయి. శిక్షణకు విడదీసిన వర్గాలను తర్వాత కలపడం సులువు. కలిపి లేబుల్ చేసినవాటిని విడదీయాలంటే పనంతా మళ్లీ మొదలు పెట్టాలి. ట్రాక్టర్‌ను, ట్రాలీ ఉన్న ట్రాక్టర్‌ను వేరుగా ఉంచమనడానికి కారణముంది: గ్రామీణ రోడ్లకు వర్తించే 64వ ప్రమాణంలో మొదటిదాని పీసీయూ విలువ 1.5, రెండోదానిది 4.5. మూడు రెట్లు తేడా.

"ఇతరాలు" వర్గాన్ని తీసేయకండి. ఎడ్లబండి, తోపుడు బండి, జేసీబీ, వరికోత యంత్రం రోడ్డెక్కినప్పుడు మోడల్ వాటిని ఎక్కడో ఒకచోట ఇరికించాల్సిన అవసరం రాకూడదు.

2. కెమెరా ఎక్కడ, ఎలా

ఇక్కడ చేసిన పొరపాటును తర్వాత ఏ మోడలూ సరిదిద్దలేదు. కెమెరా నేల నుంచి కనీసం 6 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఫుట్ ఓవర్ బ్రిడ్జి దొరికితే అంతకన్నా మంచి చోటు లేదు. తక్కువ ఎత్తులో పెడితే బస్సు వెనక వచ్చే నాలుగు బైకులు బస్సులో కలిసిపోతాయి. మన రోడ్ల మీద బైకులు వరసలో రావు, పెద్ద వాహనాల మధ్య సందుల్లోంచి వస్తాయి. పైనుంచి చూస్తేనే ఆ సందులు కనిపిస్తాయి. మరీ నిటారుగా కిందికి వంచినా చిక్కే: అన్ని వాహనాల కప్పులూ ఒకేలా కనిపించి ఆటోకూ చిన్న వ్యానుకూ తేడా తెలియదు. కాస్త ఏటవాలుగా, వాహనం ముందు భాగమూ కప్పూ రెండూ కనిపించేలా ఉంచండి.

కూడలిలో నాలుగు దారులనూ ఒకే కెమెరాతో పట్టాలని చూడకండి. దూరపు దారిలోని బైకు పదిహేను పిక్సెళ్లకు కుంచించుకుపోతుంది. ఒక్కో దారికి ఒక్కో కెమెరా పెట్టండి. లెక్కించే చోట బైకు వెడల్పు 30 పిక్సెళ్లకు తగ్గకుండా చూసుకోండి. ఈ అంకె ఎందుకంటే 1920 పిక్సెళ్ల వెడల్పున్న ఫ్రేమును మోడల్ సాధారణంగా 640కి కుదిస్తుంది. 30 కాస్తా 10 అవుతుంది. అందులో బైకుకూ సైకిల్‌కూ తేడా చెప్పేంత సమాచారం మిగలదు.

షట్టర్ వేగాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16.7 మీటర్లు. షట్టర్ సెకనులో 50వ వంతు తెరిచి ఉంటే ఆలోగా వాహనం 33 సెంటీమీటర్లు కదిలి బొమ్మ అలుక్కుపోతుంది. 500వ వంతుకు పెడితే 3.3 సెంటీమీటర్లే. పగటిపూట షట్టర్‌ను చేత్తో నిర్ణయించి ఉంచండి, కెమెరాకు వదిలేయకండి. ఉదయం, సాయంత్రం సూర్యుడు నేరుగా లెన్సులో పడని దిశ చూసుకోండి. పోలీసుల నుంచి, రోడ్డు ఎవరి పరిధిలో ఉందో ఆ శాఖ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే కెమెరా బిగించండి.

3. వీడియోను పనికి సిద్ధం చేయడం

సెకనుకు 25 ఫ్రేములున్న గంట వీడియోలో 90,000 ఫ్రేములుంటాయి. నిల్వ మిగలాలని చాలామంది 5 ఫ్రేములకు తగ్గిస్తారు. లెక్క వేసి చూద్దాం. 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేముకు 67 సెంటీమీటర్లు జరుగుతుంది. 2 మీటర్ల బైకును పక్క నుంచి చూస్తే దాని పాత చోటూ కొత్త చోటూ దాదాపు సగం కలుస్తాయి, రెండూ ఒకే బండి అని యంత్రం పోల్చుకోగలదు. 10 ఫ్రేములకు తగ్గిస్తే జరిగే దూరం 1.67 మీటర్లు, కలిసే భాగం పదో వంతు కూడా ఉండదు. 5 ఫ్రేములైతే అసలు కలవదు. వేగంగా పోయే రోడ్డుకు 25 ఉంచండి. బళ్లు మెల్లగా నడిచే బజారు వీధికి 10 నుంచి 12 సరిపోతాయి.

రికార్డర్లలో ఇంకో తిరకాసు ఉంది. నెట్‌వర్కు నెమ్మదించినప్పుడు చాలా పరికరాలు కొన్ని ఫ్రేములను వదిలేస్తాయి, కానీ ఫైలు మీద 25 అనే రాసి ఉంటుంది. ఫ్రేము సంఖ్యను 25తో భాగించి సమయం తేల్చుకుంటే సాయంత్రానికి గడియారం కొన్ని నిమిషాలు తప్పుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత పనిముట్టుతో ప్రతి ఫ్రేము అసలు సమయ ముద్రను బయటికి తీసి దాన్నే వాడండి.

చివరగా, రోడ్డు మాత్రమే ఉండేలా ఒక బహుభుజి గీసి మిగతాది పక్కన పెట్టండి. ఆకాశం, ఫ్లెక్సీలు, పక్కన నిలిపి ఉంచిన బళ్లు పోతాయి. ఫ్లెక్సీ మీది కారు బొమ్మను కూడా మోడల్ కారు అనే లెక్కిస్తుంది మరి. రోడ్డు ఉన్న భాగాన్ని మాత్రమే కత్తిరించి మోడల్‌కు ఇస్తే పిక్సెళ్లు వృథా కావు, బైకులు పెద్దగా కనిపిస్తాయి.

పాత పద్ధతి గురించి ఒక మాట. నిశ్చలంగా ఉన్న నేపథ్యాన్ని తీసేసి కదిలేవాటిని మాత్రం మిగిల్చే విధానం ఓపెన్‌సీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా ఉంది. ఖాళీ రహదారి మీద బాగానే పనిచేస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగిన వాహనం కాసేపటికి నేపథ్యంలో కలిసిపోతుంది, ఒకదానికొకటి ఆనుకున్న మూడు బైకులు ఒకే ముద్దగా వస్తాయి. లెక్కకు దాన్ని వాడకండి. రోజంతా వీడియోలో బళ్లున్న భాగాలను ఏరి లేబులింగ్‌కు పంపడానికి మాత్రం ఇప్పటికీ బాగా ఉపయోగపడుతుంది.

4. లేబులింగ్: అసలు పని ఇదే

సిద్ధంగా దొరికే సమాహారాలు కొంతవరకే పనికొస్తాయి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, ఇంటెల్ కలిసి తయారుచేసిన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌లో హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన 10 వేల చిత్రాలు, 34 వర్గాలు ఉన్నాయి. ఆటోకు అందులో సొంత వర్గముంది. కానీ అవి నడిచే కారులోంచి ముందుకు చూస్తూ తీసినవి, పైనుంచి చూసేవి కావు. బీజింగ్, తియాన్‌జిన్ నగరాల్లో 24 చోట్ల తీసిన యూఏ డెట్రాక్ అనే సమాహారంలో పది గంటల వీడియో ఉంది. చూపు కోణం మనకు సరిపోతుంది, వర్గాలు మాత్రం కారు, బస్సు, వ్యాను, ఇతరాలు అంతే. ఒకదానిలో బళ్లు మనవి, రెండోదానిలో కోణం మనది. మొదటిదాన్ని ప్రాథమిక శిక్షణకు వాడుకోండి, ఆ పైన సొంత చిత్రాలు లేబుల్ చేయక తప్పదు.

ఎన్ని కావాలి? ఒక కెమెరాతో మొదలు పెట్టడానికి 1,500 నుంచి 2,000 ఫ్రేములు చాలు. కానీ వరుస ఫ్రేములు తీసుకోకండి, అవన్నీ ఒకే బొమ్మకు నకళ్లు. తెల్లవారుజాము, మధ్యాహ్నం, సందెవేళ, రాత్రి, వాన, సంతరోజు, ఆదివారం ఇలా విడివిడిగా ఏరండి. పని కోసం సీవాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బాగుంటుంది, సొంత కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు.

మౌస్ పట్టే ముందు నియమాల పత్రం ఒకటి రాయండి. ఇద్దరు మనుషులు ఒకే ఫ్రేమును వేర్వేరుగా లేబుల్ చేస్తే మోడల్ ఎవరి మాట నేర్చుకోవాలి? కనీసం ఈ విషయాలు తేల్చాలి:

బైకు, దాని మీది మనుషులు కలిపి ఒకే బాక్స్. కోకోలో మనిషి వేరు, బైకు వేరు. వాహనాల లెక్కకు కలిపి గీయడమే మేలు, ఎందుకంటే ముందు నుంచి చూస్తే ముగ్గురు కూర్చున్న బైకులో బండికన్నా మనుషులే ఎక్కువ కనిపిస్తారు.

ట్రాక్టర్, ట్రాలీ కలిపి ఒకే బాక్స్, లోడు సహా. గడ్డి మోపులు ట్రాలీకి రెండు వైపులా రోడ్డు మీదికి పొడుచుకొస్తే వాటినీ కలిపే గీయండి. ఆ బండి రోడ్డు మీద ఆక్రమించేది అంత చోటు.

వాహనం మీదున్న వాహనాన్ని గుర్తించకండి. కార్లను మోసుకెళ్లే కంటైనర్, బైకులెక్కించిన డీసీఎం, ట్రాక్టర్‌ను తీసుకెళ్లే లారీ: పైనున్నది సరుకు.

సగం దాగిన వాహనానికి కనిపించే భాగం వరకే గీయండి. మూడో వంతు కన్నా తక్కువ కనిపిస్తే వదిలేయండి.

ఆగి ఉన్న వాహనాలను కూడా లేబుల్ చేయండి. వాటిని వదిలేస్తే అది ఆటో కాదు, ఖాళీ రోడ్డు అని మోడల్‌కు నేర్పినట్టవుతుంది.

చిక్కంతా ఆటో జాతిలో వస్తుంది. ప్రయాణికుల ఆటో, సెవెన్ సీటర్, ట్రాలీ ఆటో ముందు నుంచి అచ్చంగా ఒకేలా ఉంటాయి. తేడా వెనక ఉంటుంది. ఆ దారిలో ఇవి ఎక్కువగా తిరిగేటట్టయితే కెమెరాను వాహనాలు దూరమయ్యే వైపుకు తిప్పి, వెనక భాగం కనిపించేలా పెట్టడం మంచిది. ప్రతి రకానికీ నాలుగేసి ఫొటోలు నియమాల పత్రంలో అతికించండి. లేబుల్ చేసేవారు పక్క ఊరి విద్యార్థులైనా సరే, ఫొటో చూస్తే అనుమానం తీరుతుంది.

అరుదైన బళ్లను వెతికి పట్టుకోవాలి. కోతలు లేని రోజుల్లో తీసిన వారం వీడియోలో ధాన్యం ట్రాక్టర్లు పది కూడా దొరకకపోవచ్చు. వరికోతల రోజుల్లో మిల్లుల దారిలో కెమెరా పెడితే ఒక్క రోజులో కావలసినన్ని దొరుకుతాయి. దసరాకు బళ్లకు అరటి పిలకలు, పూలదండలు కట్టినప్పుడు ముందు భాగం రూపమే మారిపోతుంది, ఆ రోజు వీడియో కొంత చేర్చండి. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు కార్లు బారులు తీరినప్పటి ఫ్రేములు కూడా కావాలి. అంత కిక్కిరిసిన స్థితి మామూలు రోజుల్లో మోడల్‌కు కనిపించదు.

5. శిక్షణ

ముందు లేబుల్ చేసిన చిత్రాలను మూడు భాగాలు చేయాలి: శిక్షణకు, మధ్యలో చూసుకోవడానికి, చివరి పరీక్షకు. యాదృచ్ఛికంగా ఫ్రేములను పంచకండి. ఒకే బస్సు ఒక సెకను తేడాతో శిక్షణలోనూ పరీక్షలోనూ కనిపిస్తుంది, ఫలితం అద్భుతంగా వస్తుంది, రోడ్డు మీద మాత్రం కుదేలవుతుంది. రోజుల వారీగా పంచండి: సోమవారం నుంచి గురువారం దాకా శిక్షణకు, శుక్రవారం మధ్య పరిశీలనకు, శనివారం, వాన పడ్డ మరో రోజు చివరి పరీక్షకు. రెండు కెమెరాలుంటే ఒకదాన్ని పూర్తిగా పరీక్షకే ఉంచగలిగితే ఇంకా నమ్మకం.

మోడల్ విషయానికొస్తే, ఒక్కసారి చూసి అన్నిటినీ గుర్తించే యోలో కుటుంబం ఈ పనికి బాగా సరిపోతుంది. జోసెఫ్ రెడ్‌మన్ బృందం 2015లో తొలి రూపాన్ని వెల్లడించింది. తర్వాత అనేక రూపాలు వచ్చాయి. అల్ట్రాలిటిక్స్ 2023లో విడుదల చేసిన ఎనిమిదో రూపం గానీ, ఆ తర్వాతి రూపం గానీ చిన్న పరిమాణంలో తీసుకోండి. దాని లైసెన్సు ఏజీపీఎల్ 3. మీ సాఫ్ట్‌వేర్‌ను అమ్మాలనుకుంటే, నెట్ ద్వారా సేవగా అందించాలనుకుంటే ఆ షరతులు ముందే చదవండి.

కోకోతో ఇప్పటికే శిక్షణ పొందిన మోడల్ నుంచి మొదలుపెట్టి, మొదట ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌తో, తర్వాత మీ సొంత చిత్రాలతో శిక్షణ ఇవ్వండి. చిత్ర పరిమాణాన్ని 640 నుంచి 1280కి పెంచండి. మోడల్‌ను పెద్దది చేయడం కన్నా బైకులకూ సైకిళ్లకూ దీనివల్లే ఎక్కువ మేలు. గ్రాఫిక్స్ కార్డు మెమరీ సరిపోకపోతే ఒకేసారి ఇచ్చే చిత్రాల సంఖ్య తగ్గించండి, పరిమాణం తగ్గించకండి. ఎడమ కుడులు తిప్పడం, వెలుతురు మార్చడం లాంటి కృత్రిమ మార్పులు చేయవచ్చు. తలకిందులు చేయడం అవసరం లేదు, రోడ్డు మీద ఏ బస్సూ తలకిందులుగా రాదు. మధ్య పరిశీలనలో ఫలితం మెరుగుపడటం ఆగగానే శిక్షణ ఆపేయండి.

6. గుర్తింపు సెట్టింగులు

మోడల్ ఒకే వాహనం మీద చాలా బాక్సులు గీస్తుంది. వాటిలో ఒకదాన్నే మిగిల్చే వడపోత ఒకటుంటుంది. అది రెండు విధాలుగా దెబ్బ తీస్తుంది. వడపోత మరీ కఠినంగా ఉంటే పక్కపక్కనే ఆనుకుని పోయే రెండు బైకుల్లో ఒకటి పోతుంది. సడలిస్తే ఒకే డీసీఎం మీద లారీ అని ఒకటి, చిన్న సరుకు వాహనం అని ఒకటి, రెండు బాక్సులు మిగిలి రెండు వాహనాలవుతాయి. మామూలుగా వడపోత వర్గాల వారీగా విడివిడిగా నడుస్తుంది కాబట్టే ఈ రెండో తప్పు వస్తుంది. వర్గంతో సంబంధం లేకుండా వడపోసే సెట్టింగును ఆన్ చేసి, అతివ్యాప్తి హద్దును (రెండు బాక్సులు ఎంత మేర కలిస్తే ఒకదాన్ని తీసేయాలో చెప్పే అంకె) 0.7 దగ్గర ఉంచి మొదలుపెట్టండి. బైకుల గుంపు ఉన్న ఫ్రేములు ఇరవై తెరిచి కంటితో చూసి సర్దుకోండి.

కాన్ఫిడెన్స్ అంటే తన గుర్తింపు మీద మోడల్‌కున్న నమ్మకం, 0 నుంచి 1 దాకా; దాని హద్దును అన్ని వర్గాలకూ ఒకటే పెట్టకండి. 0.5 పెడితే కార్లు అన్నీ వస్తాయి, సైకిళ్లు సగం పోతాయి. ప్రతి వర్గానికీ మధ్య పరిశీలన చిత్రాల మీద విడిగా హద్దు నిర్ణయించండి.

7. ఒకే బండిని ఒక్కసారే లెక్కించడం

ఫ్రేము ఫ్రేముకూ కనిపించే బాక్సులు ఒకే వాహనానివో కాదో తేల్చడం ట్రాకింగ్. బైట్‌ట్రాక్ అనే పద్ధతి 2021లో వచ్చింది. మన రోడ్లకు అది నప్పడానికి కారణం దాని ప్రధాన ఆలోచనే: తక్కువ కాన్ఫిడెన్స్ ఉన్న బాక్సులను పారేయకుండా, ఇప్పటికే ఉన్న ట్రాకులతో అతకడానికి రెండోసారి ప్రయత్నిస్తుంది. బస్సు వెనక సగం దాగిన బైకు స్కోరు పడిపోయినప్పుడు కూడా దాని గుర్తింపు సంఖ్య నిలబడుతుంది. వాహనం తర్వాతి ఫ్రేములో ఎక్కడ ఉండవచ్చో కాల్‌మన్ ఫిల్టర్ అనే గణిత పద్ధతి అంచనా వేస్తుంది. కనిపించకుండా పోయిన ట్రాకును ఎన్ని ఫ్రేముల దాకా గుర్తుంచుకోవాలో ఒక సెట్టింగు ఉంటుంది, మామూలుగా 30. అంటే 25 ఫ్రేముల వీడియోలో 1.2 సెకన్లు. ట్రాఫిక్ మెల్లగా కదిలే చోట అది చాలదు, 50 నుంచి 75 దాకా పెంచండి.

ఇప్పుడు లెక్క గీత. దాన్ని వాహనాలు స్పష్టంగా, పెద్దగా కనిపించే చోట, సిగ్నల్ స్టాప్ లైనుకు దూరంగా గీయండి. ఆగి ఉన్న వాహనం బాక్స్ కొన్ని పిక్సెళ్లు అటూ ఇటూ వణుకుతూ ఉంటుంది. గీత దాని కిందే ఉంటే ఒకే బస్సు అనేకసార్లు గీత దాటినట్టవుతుంది. ఒక గీత బదులు కొన్ని మీటర్ల దూరంలో రెండు గీతలు పెట్టి, వరసగా రెండూ దాటితేనే లెక్కించడం ఇంకా మంచిది. ఏది ముందు దాటిందో చూస్తే దిశ కూడా తెలుస్తుంది. రాంగ్ రూటులో వచ్చే బళ్లు మన దగ్గర తక్కువేమీ కావు, వాటిని విడి నిలువు వరుసలో రాయండి. దాటిందా లేదా అని చూడటానికి బాక్స్ మధ్య బిందువును కాక కింది అంచు మధ్య బిందువును తీసుకోండి: టైరు నేలను తాకే చోటు అదే. ఎత్తైన లారీ మధ్య బిందువు వాహనం కన్నా చాలా వెనక ఉన్న రోడ్డు మీద పడుతుంది.

వాహనం వర్గాన్ని గీత దాటిన ఆ ఒక్క ఫ్రేమును బట్టి నిర్ణయించకండి. ట్రాకు మొత్తంలో ప్రతి ఫ్రేమూ చెప్పిన వర్గాలను ఓట్లుగా తీసుకుని, బాక్స్ పెద్దగా ఉన్న ఫ్రేములకు, కాన్ఫిడెన్స్ ఎక్కువున్న ఫ్రేములకు ఎక్కువ విలువ ఇచ్చి తేల్చండి. ఈ ఒక్క మార్పుతోనే ఆటో కాసేపు కారు, కాసేపు ట్రక్కు కావడం చాలావరకు ఆగిపోతుంది.

8. చేతి లెక్కతో సరిచూడటం

ఈ దశ లేకుండా ఇచ్చే ఏ అంకెనూ నేను అంగీకరించను. పరీక్షకు ఉంచిన రోజుల నుంచి పావుగంట ముక్కలు ఏరండి: రద్దీ వేళవి రెండు, మధ్యాహ్నానిది ఒకటి, రాత్రివి రెండు, వానది ఒకటి. ఇద్దరు మనుషులు వీడియోను సగం వేగంతో నడుపుతూ, ఒకరి లెక్క ఒకరు చూడకుండా, గీత దాటిన ప్రతి వాహనానికీ సమయం, వర్గం రాయాలి. ఇద్దరి మధ్య తేడా వచ్చిన చోట కలిసి చూసి తేల్చుకోవాలి.

తర్వాత మొత్తాలను పోల్చి ఊరుకోకండి. చేతి లెక్కలో 60 ఆటోలు, యంత్రం లెక్కలోనూ 60 ఉన్నాయనుకుందాం. యంత్రం 12 ఆటోలను వదిలేసి, 12 ట్రాలీ ఆటోలను ఆటోలుగా రాసి ఉండవచ్చు. మొత్తం కుదిరింది, అయిదింట ఒకటి తప్పు. అందుకే ఒక్కో వాహనాన్నీ దాని సమయంతో జత చేసి పోల్చాలి. ఆ ఫలితాన్ని పట్టికగా వేయండి: అడ్డంగా మనిషి చెప్పిన వర్గం, నిలువుగా యంత్రం చెప్పినది, అదనంగా "చూడలేదు" అనే గడి, "లేనిది చూసింది" అనే గడి. ప్రతి వర్గంలో ఎన్ని పట్టుబడ్డాయి, పట్టుకున్నవాటిలో ఎన్ని ఒప్పు అనే రెండు శాతాలు ఆ పట్టిక నుంచే వస్తాయి. ఏ రెండు వర్గాలు కలగలుస్తున్నాయో కూడా వెంటనే కనిపిస్తుంది, వాటికే మరిన్ని చిత్రాలు లేబుల్ చేసి మళ్లీ శిక్షణ ఇవ్వండి. రెండు మూడు విడతల తర్వాత మార్పు స్పష్టంగా ఉంటుంది.

అరుదైన వర్గాలకు శాతాలు అర్థం లేనివి. పావుగంటలో రెండు ట్రాక్టర్లు పోతే ఒకటి తప్పినా సగం తప్పినట్టే. దానికి వేరే దారి ఉంది: లెక్కించిన ప్రతి వాహనం బొమ్మనూ కత్తిరించి వర్గాల వారీగా ఫోల్డర్లలో పెట్టించండి. ట్రాక్టర్ ఫోల్డర్‌ను ఒక మనిషి పది నిమిషాల్లో తిరగేసి తప్పులు ఏరేయగలడు. లారీ ఫోల్డర్‌నూ ఇతరాల ఫోల్డర్‌నూ కూడా చూడాలి, తప్పిపోయిన ట్రాక్టర్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

రాత్రి లెక్కను పగటి లెక్కతో కలిపి సగటు చెప్పకండి. ఇన్‌ఫ్రారెడ్‌లో రంగు ఉండదు, ఆటో పసుపు నలుపు గుర్తు పోతుంది. ఎదురుగా వచ్చే హెడ్‌లైట్ల వెనక వాహనం ఆకారమే కనిపించదు, తడి రోడ్డు మీద దీపాల నీడలు అదనపు బైకులుగా లెక్కకెక్కుతాయి. వీధి దీపాలు లేని చోట రాత్రి కోసం వెనక నుంచి చూసే కెమెరా మెరుగు. అప్పటికీ సైకిళ్లు సగానికన్నా తక్కువే పట్టుబడితే ఆ గడిలో అంకె రాయకుండా "రాత్రి లెక్కించలేదు" అని రాయండి. తప్పుడు అంకె వేస్తే చదివేవారు ఆ వేళ సైకిళ్లే లేవనుకుంటారు.

9. అప్పగించేది, దాచుకునేది

నివేదికలో పావుగంటకు ఒక వరస, వర్గానికి ఒక నిలువు వరుస, ఒక్కో దిశకు ఒక్కో పట్టిక ఇవ్వండి. ప్రతి వర్గం కిందా సరిచూసినప్పుడు తేలిన తప్పు శాతం అదే పేజీలో ఉండాలి, అనుబంధంలో కాదు. వర్గాల నిర్వచనాలు, కెమెరా ఎత్తు, దిశ, గీతలు చూపే ఒక ఫ్రేము, మోడల్ రూపం, హద్దులు కూడా జత చేయండి.

వీడియోలో ముఖాలు, నంబరు ప్లేట్లు ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉన్నా లేకున్నా, బళ్ల లెక్కకు మనుషుల గుర్తింపుతో పని లేదు. భద్రపరిచే ముందే వాటిని మసకబరిచే ప్రోగ్రాము నడపండి, లెక్క ఖరారయ్యాక ముడి వీడియో చెరిపేయడానికి ఒక తేదీ పెట్టుకోండి. లేబులింగ్‌కు విద్యార్థులను పెట్టుకుంటే మసకబరిచిన ఫ్రేములే వారికి ఇవ్వండి.

కెమెరాను ఎక్కువ కాలం నడిపేటట్టయితే రోజుకొకసారి మొదటి రోజు ఫ్రేముతో పోల్చి చూసే చిన్న ప్రోగ్రాము పెట్టండి. గాలివానకు స్తంభం రెండు డిగ్రీలు తిరిగినా గీత వేరే చోట పడుతుంది. లెన్సు మీద సాలెగూడు కడితే రాత్రి లెక్క మొత్తం పోతుంది. చేత్తో లెక్కించిన పావుగంట ముక్కలను మాత్రం ముఖాలు, ప్లేట్లు మసకబరిచి, వాటి లెక్కల పట్టికతో సహా దాచి ఉంచండి. మోడల్ మార్చినా, కెమెరా మార్చినా కొత్త లెక్క పాతదానికన్నా మెరుగో కాదో ఆ ముక్కల మీదే ముందుగా తేల్చుకోవాలి.